బల్ల మీదకి దించుకునే పాతకాలపు దీపం: బెర్లిన్‌లో నేను ఎంచుకున్న తీరు

బెర్లిన్‌లో అద్దెకు ఇల్లు తీసుకుంటే అందులో దీపాలు ఉండవు. ఖాళీ చేసేవాళ్లు తమ దీపాలు విప్పుకుని తీసుకెళ్తారు. చాలా ఇళ్లలో వంటగది అల్మరాలు కూడా వాళ్లతోనే పోతాయి. మిగిలేది పైకప్పు మధ్యలో చిన్న కన్నం, అందులోంచి వేలాడే మూడు తీగలు, వాటి చివర ఒక కనెక్టర్ ముక్క. మాది ష్టెగ్లిట్స్‌లో వందేళ్లు దాటిన ఇల్లు. పైకప్పు ఎత్తు 3 మీటర్ల 20 సెంటీమీటర్లు. మొదట్లో ఆ తీగలకే హోల్డరు తగిలించి ఓ బల్బు పెట్టుకున్నాం. అంత ఎత్తు నుంచి పడే వెలుగులో బల్ల ముందు కూర్చుంటే ఎవరి తల నీడ వాళ్ల కంచంలోనే పడేది. మా అమ్మాయి హోంవర్కు చేసుకునేటప్పుడు దాని చెయ్యి నీడ అది రాసే అక్షరాల మీదే ఉండేది.

డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. బడినుంచి వచ్చాక పిల్లకు, ఆఫీసునుంచి వచ్చాక మాకు మిగిలిన రోజంతా దీపం కిందే. అందుకని ఇంటికి కొనే వస్తువులన్నిటిలోకీ దీపం గురించే నేను ఎక్కువ ఆలోచించాను.

మా ఇంట్లో పెద్ద బల్ల ఒక్కటే, దాని మీద జరిగే పనులు చాలా. అన్నం తినేటప్పుడు వెలుగు కంచాల మీద పడాలి కానీ ఎదుటివాళ్ల ముఖానికి దీపం అడ్డం రాకూడదు. చీరకు ఫాల్ కుట్టుకునేటప్పుడు వెలుగు సూది దగ్గరికి రావాలి. పండక్కి నలుగురూ వచ్చి, పిండివంటలకు బల్లంతా పరిచి, అందరూ నిలబడి పనిచేస్తుంటే దీపం తలలకు తగలనంత పైకి పోవాలి. ఒకే ఎత్తులో ఉండే దీపం ఇందులో ఏ ఒక్క పనికో సరిపోతుంది, మిగతావాటికి ఇబ్బంది పెడుతుంది. జర్మనీలో పాత ఇళ్లలో వంటగది బల్ల మీద చేత్తో పట్టుకుని కిందకి లాగే, పైకి తోసే దీపాలు ఉండేవని పక్కింటి పెద్దావిడ చెప్పింది. ఆవిడ ఇంట్లో ఇంకా ఒకటి ఉంది. ఒక్కసారి లాగి చూపించింది. వేళ్లు వదిలినచోటే అది ఆగిపోయింది. నాకు కావలసింది అదేనని అప్పుడే తెలిసింది.

ఈ ఏర్పాటు కరెంటు కంటే పాతది. కిరసనాయిలు దీపం వేలాడదీస్తే రోజూ దాన్ని వెలిగించాలి, ఒత్తి కత్తిరించాలి, చిమ్నీ తుడవాలి, నూనె పోయాలి. ప్రతిసారీ నిచ్చెన ఎక్కలేరు కాబట్టి గిలకల మీద గొలుసులు నడిపి, రెండో వైపు బరువు కట్టి, దీపాన్ని కిందకి దించుకునేవారు. కరెంటు వచ్చాక వెలిగించడానికి దించే అవసరం పోయింది. అయినా బల్ల మీదకి దించుకునే సుఖం మాత్రం జనం వదులుకోలేదు. 1920లలో దెస్సావులోని బౌహౌస్ అనే కళా, డిజైన్ బడి లోహ విభాగంలో మరియాన్నె బ్రాంట్, హాన్స్ ప్షిరెంబెల్ కలిసి అల్యూమినియం షేడుతో, గిలకలతో ఇలాంటి దీపమే రూపొందించారు. పువ్వులూ తీగలూ చెక్కిన పాత ఇత్తడి నగిషీలన్నీ తీసేసి ఒక షేడు, ఒక బరువు, వాటిని కలిపే వైరు మాత్రం ఉంచారు. ఇటలీలో 1971లో వచ్చిన పరెంతెసి దీపం మరో దారి పట్టింది. అకిల్లె కాస్తిలియోని, పియో మంజూ ఆలోచనలోంచి పుట్టిన ఆ దీపంలో నేలకూ పైకప్పుకూ మధ్య బిగించిన ఉక్కుతాడు మీద బల్బు జారుతుంది. ఒక వంపు గొట్టంలోని రాపిడే దాన్ని ఏ ఎత్తులోనైనా పట్టి ఉంచుతుంది. అది చాలా తెలివైన వస్తువు. కానీ తాడు నేల వరకూ రావాలి కాబట్టి భోజనాల బల్ల మీదకి పనికిరాదు.

మన పెళ్లి పందిళ్లలో వెలిగిన పెట్రోమాక్స్ లైటు కూడా ఈ ఊరిదే. బెర్లిన్ ట్రెప్టోలో ఉండిన ఎరిష్ అండ్ గ్రెట్స్ కంపెనీ తయారీ అది. ఆ పేరులోని మాక్స్, దాన్ని రూపొందించిన మాక్స్ గ్రెట్స్. ఈ సంగతి తెలిశాక పాత దీపాల కోసం ఈ ఊళ్లో తిరగడం నాకు పరాయి పనిలా అనిపించలేదు.

పాత సామాన్ల సంతకు పోయేముందు లెక్క కట్టుకున్నాను. ఇది ఎవరైనా మొదట చేయాల్సిన పని. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. షేడు అంచు బల్లకు 60 నుంచి 70 సెంటీమీటర్ల పైన ఉంటే కూర్చున్నవాళ్ల ముఖాలు కనిపిస్తాయి, బల్బు కళ్లలోకి కొట్టదు. అంటే షేడు అంచు నేలనుంచి 135 దాకా దిగగలగాలి. మా పైకప్పు 320 కాబట్టి దీపం మొత్తం 185 సెంటీమీటర్లు కిందకి రావాలి. ఇక నిలబడి పనిచేసేటప్పుడు అంచు కనీసం 190 ఎత్తుకు పోవాలి. ఈ రెంటికీ తేడా 55. సంతలో దొరికే దీపాల్లో చాలావాటికి, ముఖ్యంగా 1960ల తర్వాత కట్టిన రెండున్నర మీటర్ల పైకప్పుల కోసం చేసినవాటికి, అంత పొడవు ఉండదు. నాకు బాగా నచ్చిన కొన్నిటిని టేపు పెట్టి కొలిచి అక్కడే వదిలేశాను.

బెర్లిన్‌లో పాత సామాన్లకు వారాంతాల్లో టీర్‌గార్టెన్ స్టేషను దగ్గర 17 జూన్ వీధిలో జరిగే సంత ఉంది, ఆదివారాలు మావర్‌పార్క్, ఆర్కోనాప్లాట్స్ ఉన్నాయి. మొదటిదానిలో వస్తువులు శుభ్రంగా తుడిచి ఉంటాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆర్కోనాప్లాట్స్‌లో తూర్పు జర్మనీ కాలం నాటి సామాను ఎక్కువ. ఆన్‌లైన్లోనూ బోలెడు దొరుకుతాయి కానీ ఈ రకం దీపాన్ని ఫొటో చూసి కొనకూడదని నా గట్టి అభిప్రాయం. ఫొటోలో షేడు కనిపిస్తుంది. ఈ దీపంలో చూడాల్సింది షేడు కాదు, అది దిగే, ఆగే, ఎక్కే తీరు. అది చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

పైకీ కిందికీ కదిలే యంత్రాంగం ప్రధానంగా రెండు రకాలు. ఒకటి గుండు, గిలకల పద్ధతి. గుండు అంటే దీపానికి ఎదురు తూగే బరువు. పైకప్పు దగ్గరనుంచి వైరు కిందకి వచ్చి, గుండుకున్న గిలక కిందనుంచి తిరిగి, మళ్లీ పైకి పోయి, పైనున్న గిలక మీదుగా దీపం దగ్గరికి దిగుతుంది. గుండు సాధారణంగా పింగాణీది, లోపల సీసపు గుళ్లు లేదా ఇసుక పోసి ఉంటుంది. గుండు రెండు వరసల వైరు మీద వేలాడుతుంది, దీపం ఒక్క వరస మీద. కాబట్టి గుండు బరువు దీపం బరువుకి రెట్టింపు ఉంటేనే తూకం కుదురుతుంది. దీపం 80 సెంటీమీటర్లు దిగితే గుండు 40 మాత్రమే పైకి పోతుంది. ఇంకో సంగతి: దీపం ఒక కిలో, గుండు రెండు కిలోలు అయితే పైకప్పు కొక్కెం మీద పడేది మొత్తం మూడు కిలోలు. షేడు ఒక్కదాన్ని చేత్తో ఎత్తి చూసి తేలికే కదా అనుకుంటే లెక్క తప్పుతుంది.

రెండోది స్ప్రింగు పద్ధతి. పైన ఒక డబ్బాలో గడియారంలో ఉండేలాంటి చుట్టల స్ప్రింగు ఉంటుంది, అది తాడును లోపలికి చుట్టుకుంటూ ఉంటుంది. కరెంటు వైరు దాని పక్కనే చుట్టలు చుట్టలుగా సాగుతుంది. 1960లు, 70లలో తూర్పు, పడమటి జర్మనీలు రెండిట్లోనూ ఇవి విరివిగా వచ్చాయి. చూడటానికి సాదాగా ఉంటాయి, గుండు అడ్డం ఉండదు. కానీ స్ప్రింగుకు వయసైతే పట్టు తగ్గుతుంది, బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. తెలియకుండా ఆ డబ్బా విప్పితే స్ప్రింగు ఒక్కసారిగా విడిపోయి చేతికి గాయం చేస్తుంది. దీపాన్ని కిందకి లాగి ఉంచి షేడు తీసేసినా అంతే, బరువు లేని తాడు దూసుకుపోతుంది. స్ప్రింగు దీపం కొంటే విప్పేముందు దాన్ని పూర్తిగా పైకి పోనివ్వాలి.

సంతలో పైకప్పు ఉండదు కదా, మరి పరీక్షించడం ఎలా అని అడగొచ్చు. చాలామంది కొట్టువాళ్లకు గుడారం ఇనప గొట్టం ఉంటుంది. దానికి తగిలించమని మర్యాదగా అడిగితే కాదనరు. తగిలించాక నేను చూసేది ఇదీ: దీపాన్ని పూర్తిగా కిందకి లాగి వదలాలి, సగంలో ఆపి వదలాలి, దాదాపు పైదాకా తోసి వదలాలి. గుండు దీపం బాగుంటే మూడుచోట్లా నిలబడుతుంది. మెల్లగా పైకి పాకుతుంటే షేడు మార్చారని అర్థం. అసలు గాజు పగిలిపోయి తేలికది పెట్టి ఉంటారు. కిందకి జారుతుంటే గుండులో సీసం తగ్గిందనో, బరువైన షేడు పెట్టారనో అర్థం. స్ప్రింగు దీపం సగంలో ఆగి, పైన మాత్రం ఆగక కిందకి జారితే స్ప్రింగు అలిసిపోయినట్టు. తర్వాత గిలక గాడిలో వేలుపెట్టి చూస్తాను. అరిగి పదునెక్కిన అంచు ఉంటే అది వైరు పైపొరను కోస్తుంది.

చివరికి మూడు దీపాల మధ్య మనసు ఊగింది. ఒకటి కార్ఖానాలో వాడిన ఎనామెల్ దీపం, బయట ముదురు ఆకుపచ్చ, లోపల తెలుపు. గట్టిది, అందమైనది, ధర కూడా తక్కువ. కానీ ఎనామెల్ షేడు వెలుగునంతా కిందకే పంపుతుంది. రెండున్నర మీటర్ల గదిలో అది హాయిగా ఉంటుందేమో. మా ఎత్తు పైకప్పు కింద బల్ల ఒక్కటే వెలిగి మిగతా గదంతా చీకటిగా ఉండిపోతుంది. పండక్కి వచ్చినవాళ్ల ముఖాలు చీకట్లో ఉండటం నాకు ఇష్టం లేదు. రెండోది తూర్పు జర్మనీ నాటిది, నారింజ రంగు గాజు, స్ప్రింగు పద్ధతి, ప్రభుత్వ కర్మాగారాలకుండే వీఈబీ ముద్రతో. మా అమ్మాయికి ఆ రంగు మీదే కన్ను. కానీ దాని వెలుగు కింద పెట్టిన తెల్ల కాగితం ఎర్రగా కనిపించింది. అన్నం, పప్పు, ఆవకాయ అన్నీ ఒకే రంగులో తినాలా అనిపించింది. తాడు పొడవు కూడా చాలలేదు.

మూడోది, నేను తెచ్చుకున్నది. పాలరంగు గాజు షేడు, పైన ఇత్తడి పట్టీ, తెల్లటి పింగాణీ గుండు. 1930లలోదని అమ్మినాయన అన్నాడు. ఆయన మాట ఎలా ఉన్నా, దాని వైరు, మరలు, హోల్డరు అన్నీ పాతవే. మరలన్నిటికీ ఒకే గీత గాడి ఉంది, ప్లస్ ఆకారంది ఒక్కటీ లేదు. ఇత్తడి సందుల్లో నలుపు సమానంగా పట్టి ఉంది, చెయ్యి తగిలేచోట మాత్రం అరిగి మెరుస్తోంది. ఎన్నో ఏళ్లు ఎవరో రోజూ పట్టుకుని లాగిన గుర్తు అది. పాల గాజు వెలుగులో కొంత పైకి కూడా వదులుతుంది, గది మొత్తం మెత్తగా వెలుగుతుంది. బేరమాడి 90 యూరోలకు తీసుకున్నాను. ఆ ధరలో వైరు మార్పించడం లేదు, అది వేరే ఖర్చని ముందే అనుకున్నాను. పాత దీపం కొనేవాళ్లందరూ వైరు ఖర్చు కలిపే ధర చూసుకోవాలి.

ఆ వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చారు. తెనాలిలో ఉంటారు, విద్యుత్ బోర్డులో పనిచేసి రిటైరయ్యారు. దీపాన్ని బల్ల మీద పరిచి ముందు షేడు వైపు కాదు, వైరు వైపు చూశారు. గుడ్డ పొర కింద రబ్బరు. వేలితో వంచగానే పొడిపొడిగా రాలింది. "అమ్మాయ్, దీన్ని ఒక్కసారి కూడా వెలిగించకు" అన్నారు. ఈ దీపంలో వైరు కరెంటును మోయడమే కాదు, దీపాన్నీ మోస్తుంది, రోజూ గిలక మీద వంగుతుంది కూడా. గోడలో కదలకుండా ఉండే పాత వైరు కంటే ఇది త్వరగా పాడవుతుందని ఆయన విప్పి చెప్పారు.

హోల్డరు విప్పితే లోపల నలుపు, బూడిద, ఎరుపు తీగలు కనిపించాయి. ఎరుపు తీగ హోల్డరు ఇత్తడి తొడుగుకు కలిపి ఉంది. నాన్న కంగారుపడ్డారు. "ఎరుపు అంటే ఫేజు కదా, లోహానికి ఎందుకు కలిపారు?" మన దగ్గర ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. మా వీధి చివర దీపాలు బాగుచేసే కొట్టు నడిపే పెద్దాయన దగ్గరికి ఇద్దరం తీసుకెళ్లాం. ఆయన చూడగానే చెప్పాడు: 1965కు ముందు జర్మనీలో ఎరుపే ఎర్తు, బూడిద రంగు న్యూట్రల్, నలుపు ఫేజు. ఇప్పుడు ఎర్తుకు పసుపు-ఆకుపచ్చ చారలు, న్యూట్రల్‌కు నీలం, ఫేజుకు గోధుమ లేదా నలుపు. మన అలవాటు ప్రకారం పాత జర్మన్ దీపంలో ఎరుపు తీగను ఫేజుకు కలిపితే దీపం ఇత్తడి అంతటికీ కరెంటు వస్తుంది. రోజూ చేత్తో పట్టుకునే దీపం! ఇక్కడున్న మనవాళ్లు పాత దీపం కొంటే ఈ ఒక్క సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోవాలని నేను అందరికీ చెబుతున్నాను. భారతదేశంలో చేయి తిరిగిన పనివాడైనా సరే, ఇక్కడి పాత రంగులు తెలియకుండా ముట్టుకోకూడదు.

వైరు మార్చడంలో అసలు చిక్కు గిలక దగ్గర వచ్చింది. లోహం ఉన్న దీపానికి ఎర్తు తప్పనిసరి, అంటే మూడు తీగల వైరు కావాలి. కొత్తగా దొరికే గుడ్డ వైరు మూడు తీగలతో లావుగా ఉంటుంది. పాత గిలక గాడి సన్నది. లావు వైరు అందులో కూర్చోకపోతే అంచు మీద ఒరుసుకుంటుంది, బిగుసుకుంటుంది, దీపం సగంలోనే ఆగిపోతుంది. పెద్దాయన కొట్టులో ఉన్న రకరకాల వైరు ముక్కలు ఒక్కొక్కటీ గాడిలో పెట్టి, రెండు చివరలూ పట్టుకుని లాగి చూశాం. నాన్న, ఆయన ఒకరి భాష ఒకరికి రాకుండానే ఆ పని అంతా చేశారు. నేను మధ్యలో మాట అందించాల్సి వచ్చింది తక్కువ. చివరికి ఇలాంటి దీపాలకోసమే చేసిన, లోపల బరువు మోసే సన్నటి ఉక్కుతాడు ఉన్న మెత్తటి వైరు కుదిరింది. ఆ ఉక్కుతాడును రెండు చివరలా విడిగా బిగించారు, అప్పుడు బరువు రాగి తీగల మీద పడదు. దంతపు రంగు గుడ్డ వైరు తీసుకున్నాను. వైరు, కూలీ కలిపి దీపం ధరకు దగ్గరగానే అయింది. ఆ ఖర్చు విషయంలో నాకు కొంచెం కూడా బాధ లేదు.

పైకప్పుది మరో పని. ఈ పాత ఇళ్ల పైకప్పు కాంక్రీటు కాదు. చెక్క దూలాలు, వాటి కింద పలకలు, పలకలకు రెల్లు కట్టి దాని మీద సున్నపు పూత. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి మర బిగిస్తే పూతతో సహా ఊడి వస్తుంది. పైగా మా కరెంటు కన్నం గది మధ్యలో ఉంది, బల్ల కిటికీ దగ్గర. గుండు దీపాన్ని కన్నం దగ్గర తగిలించి వైరు పక్కకు లాగడం కుదరదు, గిలకలు బల్లకు నేరుగా పైనే ఉండాలి. పైకప్పు తట్టి, సన్నటి మేకుతో గుచ్చి చూసి దూలం ఎక్కడుందో ఎలక్ట్రీషియన్ పట్టుకున్నాడు. అదృష్టం, బల్ల అంచు పైనే ఒక దూలం ఉంది. కొక్కెం దాంట్లోకే బిగించి, కన్నం నుంచి అక్కడిదాకా తెల్లటి సన్న గొట్టంలో వైరు నడిపాడు. బల్లను ఒక జానెడు జరుపుకున్నాం.

మా దీపం షేడు, హోల్డరు, బల్బు కలిపి వంటగది త్రాసులో 1300 గ్రాములు తూగింది. గుండు 2500 గ్రాములకు కొంచెం పైన. గిలకల రాపిడి చిన్నచిన్న తేడాలను సర్దుకుంటుంది కాబట్టి సరిపోయింది. కానీ కొత్త వైరు మెత్తగా జారడంతో కొన్నాళ్లకు దీపం కింద నిలిపితే ఓ అరచేయి మేర దిగడం మొదలైంది. గుండు పైమూత మరతో బిగించి ఉంటుంది, విప్పి లోపల ఇంకొన్ని గుళ్లు వేస్తే చాలు. సీసం కాబట్టి పిల్లను దూరంగా ఉంచి, చేతులకు తొడుగులు వేసుకుని చేశాం. పని అయ్యాక బల్ల తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కున్నాం.

బల్బు విషయం తేలిగ్గా అనిపిస్తుంది కానీ దీపం ఎత్తు మారుతుంది కాబట్టి బల్బు కనిపించే తీరూ మారుతుంది. దించినప్పుడు షేడు అంచు బల్బును దాస్తుంది. పైకి తోస్తే కూర్చున్నవాళ్లకు కిందనుంచి బల్బు నేరుగా కనిపిస్తుంది. అందుకే ఫిలమెంటు కనిపించే పారదర్శక బల్బు వద్దనుకుని పాలరంగు ఎల్‌ఈడీ తీసుకున్నాను: 806 ల్యూమెన్లు, అంటే పాత 60 వాట్ల బల్బుతో సమానం, 2700 కెల్విన్ వెచ్చటి రంగు. రంగులు సహజంగా కనిపించడానికి డబ్బా మీద ఆర్‌ఏ అంకె 90 పైన ఉన్నది వెతికాను. చీరకు దారం రంగు సరిచూసుకునేవాళ్లకు ఈ అంకె ముఖ్యం. 80 ఉన్న బల్బు కింద నాకు మెరూన్‌కీ గోధుమకీ తేడా తెలియలేదు. పాత పింగాణీ హోల్డరుకు ఎల్‌ఈడీ వేడి తక్కువ కావడం కూడా మేలే. కిందనుంచి కనిపించే వెలుగు ఇంకా ఇబ్బంది పెడితే, అడుగున అద్దంలా వెండిపూత ఉన్న బల్బులు దొరుకుతాయి, అవి వెలుగును షేడు లోపలికి తిప్పి పంపుతాయి. మాకు ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు హోంవర్కు వేళకు మా అమ్మాయే దీపం దించుకుంటుంది. షేడు గాజును కాకుండా ఇత్తడి పట్టీనే పట్టుకోవాలని దానికి నేర్పాను. అన్నం వేళకు ఒక చేత్తో పైకి తోస్తుంది. నాన్న ఊరికి వెళ్లేముందు చెప్పిన ప్రకారం చలికాలం మొదలయ్యేముందు ఓసారి మెయిన్ కట్టేసి, దీపాన్ని పూర్తిగా కిందకి లాగి, గిలక మీద రోజూ వంగే చోట గుడ్డ పొర చిట్లిందేమో వేలితో తడిమి చూస్తున్నాను. గిలక ఇరుసుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తాను, అది వైరుకు అంటకుండా గుడ్డతో తుడిచేస్తాను.

వంటగదికి ఇంకొకటి కావాలి. అక్కడ స్టవ్ పక్కనే చిన్న బల్ల ఉంది, గుండు వేలాడితే అల్మరా తలుపుకు తగులుతుంది. అందుకని ఈసారి స్ప్రింగు రకమే వెతుకుతున్నాను. పాల గాజుది, తాడు కనీసం 150 సెంటీమీటర్లు సాగేది, కింద, మధ్యలో, పైన మూడుచోట్లా నిలబడేది. ఆర్కోనాప్లాట్స్‌లో ఒకాయన తన గోదాములో ఉన్నాయి, తెచ్చి పెడతానన్నాడు.